గొర్రెకు గాజుగుడ్డ

కురానిలావే
16 జూన్ 1996

మహారాజశ్రీ ఒనోఫ్రే బాబాయ్ గారి రెండు మోకాళ్ళకూ, వాటి పైనున్న మిగతా బాబాయ్‌కీ,

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని తలుస్తున్నానని రాయడం మర్యాద. కానీ తలవడం లేదు. అనుమానిస్తున్నాను.

ముందు నా సంగతి. ప్రమాద నివారణ శాస్త్రం మూడో ఏడు చదువుతున్న నీ అన్న కొడుకును కాలేజీవారు శిక్షణ కోసం ఈ ఊరి కోత మిల్లుకు తోలారు. నేను మీ ఇంట్లోనే దిగి ఎల్సీరా పిన్ని చేతి కూడు తింటూ దినదినాభివృద్ధి చెందుతున్నాను. మిల్లులో నాకు అప్పగించిన మహత్తర బాధ్యత ఏమిటంటే, నెత్తిన పసుపు టోపీ పెట్టుకుని దుంగల దొడ్లో నిలబడి, ఎవరికీ ఏ ప్రమాదమూ జరక్కుండా చూడటం. ఇంతవరకు ప్రమాదం ఒక్కటే జరిగింది. నా కాలి మీద దుంగ దొర్లింది.

దొడ్లో నిలబడినవాడికి దుంగల మొదళ్ళు తప్ప వేరే కాలక్షేపం లేదు. నువ్వు కోసిన పైన్ దుంగను నేను వందలో గుర్తుపడతాను. మోకాలు నేలకు ఆనించి, వేళ్ళ మొదటిదాకా కోస్తావు కాబట్టి దాని అడుగు చర్చి గంట అంచులా విచ్చుకుని ఉంటుంది. ఈ వారం నీ కొండ నుంచి వస్తున్నవాటికి ఆ అంచు లేదు. అన్నీ మనిషి నడుము ఎత్తున కోసినవే. మంచి చెక్కంతా మోడుగా కొండ మీదే మిగిలిపోతోంది. "మీ బాబాయ్ పైన హోటలు పెడుతున్నాడా ఏం? కొండంతా బల్లలు వేసేస్తున్నాడు" అని దొడ్డి పెద్ద నలుగురిలో అడిగాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, కుటుంబ గౌరవం కోసం.

తర్వాత శాస్త్రీయంగా ఆలోచించాను. చెట్టును అంత ఎత్తున కోసేవాడు బద్ధకస్తుడైనా అయ్యుండాలి, కాలు వంచలేనివాడైనా అయ్యుండాలి. ఈ ఊరి జనం నిన్ను చాలా మాటలన్నారు గానీ బద్ధకస్తుడని మాత్రం ఎవరూ అనలేదు.

కాబట్టి సూటిగా అడుగుతున్నాను. ఏ కాలు?

దాచి లాభం లేదు. మీ ముఠా గొర్రె సంగతి నాకు తెలుసు. ఏటా మే నెలలో చలికాలం మొదలవగానే కంట్రాక్టరు ఒక గొర్రెపిల్లను ఇస్తాడు. దెబ్బ తగిలి ఒక్కడు కూడా కిందికి దిగకుండా వసంతం వస్తే మీరంతా దాన్ని కాల్చుకు తింటారు. ఎవడైనా దిగాడా, కంట్రాక్టరు గొర్రెను తోలుకుపోతాడు. దిగినవాడికి 'గొర్రెను మింగినోడు' అన్న బిరుదు మనవల దాకా చెల్లుతుంది. ఇలాంటి బహుమతి పెడితే దెబ్బలు తగ్గవని, దెబ్బల గురించి నోరు విప్పడం తగ్గుతుందని మా మాస్టారు చెప్పారు. పరీక్షలో అదే రాశాను. మంచి మార్కులొచ్చాయి.

నీ మోకాళ్ళ శ్రేయోభిలాషి,
ఉలీసెస్

తా.క. మోటారు రంపం కోతను ఆపే ఆ దళసరి ఎర్ర రక్షణ ప్యాంటు వేసుకుంటున్నావా? అది తొడుక్కుంటే గుడ్లు పొదుగుతున్నట్టుంటుందన్న పాత సాకు చెల్లదు.


కొండ మీద, గుడిసెల దగ్గర
18 జూన్

ఒరే ఉలీసెస్,

నీ ఉత్తరం లారీ డ్రైవరు చప్పిడిముక్కు తెచ్చిచ్చాడు. పొయ్యి దగ్గర కూర్చుని నా జతగాడు బౌదిలియోకి చదివి వినిపించాను. "ఈ కుర్రాడి చదువు అయ్యేలోపు మనందరికీ సంతాపసభలు పెట్టేస్తాడు" అన్నాడు వాడు.

నా రెండు కాళ్ళూ దివ్యంగా ఉన్నాయి. కావాలంటే ఒకటి నీ నడ్డి మీద పెట్టి చూపిస్తాను. చెట్లు ఎత్తున ఎందుకు కోస్తున్నామంటే, మొదట్లో సన్న వెదురు అల్లుకుపోయి ఉంది. పైన వాన, కింద బురద. నువ్వు చూసిన చెట్లు పుస్తకంలోవి. వాటి కింద బురద ఉండదు, వాటి మీద వాన పడదు.

ప్యాంటు సంగతంటావా, ఉంది. కంట్రాక్టరు ఇద్దరికి కలిపి ఒక్కటే ఇచ్చాడు. మేం గొడవపడకుండా వంతులు పెట్టుకున్నాం. చెట్టు పడగొట్టేవాడు అది తొడుక్కుంటాడు. పడిన చెట్టు మీద కొమ్మలు కొట్టేవాడు మామూలు ప్యాంటుతో ఉంటాడు. చెట్టు పడేటప్పుడే కదరా ప్రమాదం. పడ్డ చెట్టు ఎవర్నేం చేస్తుంది?

గొర్రె బాగా బలిసింది. పని చెయ్యకుండా తింటోందని ముఠావాళ్ళు దానికి మంత్రిగారని పేరు పెట్టారు. అయితే మొన్న కంచె ముళ్ళు గీసుకుని దాని తొడ కాస్త చీరుకుంది. మీ పిన్నిని అడిగి గాజుగుడ్డ పంపు, ఎక్కువే పంపు. పెన్సిలిన్ పొడి, సారా సీసా ఒకటి కూడా. మిల్లులో ఎవరికీ చెప్పకు. గొర్రె కాలితో మిల్లుకేం పని? నువ్వు వాళ్ళ పసుపు టోపీ పెట్టుకుని తిరుగుతున్నావు. ఎవరి ఉప్పు తింటున్నావో వాళ్ళ పాట పాడతావేమోనని ఇక్కడ కొందరికి అనుమానంగా ఉంది. ఆ కొందరిలో నేనూ ఉన్నాను.

మీ బాబాయ్,
ఒనోఫ్రే


కురానిలావే
25 జూన్

గొర్రెకు గాజుగుడ్డ అడిగిన భూప్రపంచంలోని ప్రప్రథమ బాబాయ్‌కి,

నీ ఉత్తరం పట్టుకుని చప్పిడిముక్కును దొడ్డి గేటు దగ్గర విచారించాను. ఆ విచారణను యథాతథంగా సమర్పిస్తున్నాను.

"బాబాయ్ ఎలా ఉన్నాడు?"

"బ్రహ్మాండంగా ఉన్నాడు."

"నడుస్తున్నాడా?"

"నడవడమేంటయ్యా, లేడిపిల్లలా గెంతుతున్నాడు."

"గొర్రె?"

"ఏ గొర్రె?"

"దెబ్బ తగిలిన గొర్రె."

వాడు తల పైకెత్తి ఆకాశం కేసి చూశాడు. "వాన వచ్చేట్టుంది" అన్నాడు. అప్పటికే వాన పడుతోంది బాబాయ్. ఇద్దరం నిలువునా తడుస్తున్నాం.

ఇక ఇంటి సంగతి. పిన్నికి నీ మందుల జాబితా వినిపించాను. ఆవిడ గుమ్మడికాయ రొట్టెలు వేయిస్తూ ఆగిపోయింది. "గొర్రె తొడకు అంత గుడ్డా? ఎవరికి చెబుతున్నాడు? పసిపిల్ల పొత్తిళ్ళకురా అది! కొండ మీద ఎవత్తినో పెట్టుకున్నాడు" అంది. నేను ఎంత శాస్త్రం చెప్పినా వినలేదు. నిన్న సాన్ హువాన్ పునీతుడి పండుగ కదా, ముందు రాత్రే ఏడాది జోస్యం కోసం మంచం కింద మూడు బంగాళాదుంపలు పెట్టింది, ఒకటి తొక్కతో, ఒకటి సగం తొక్కతో, ఒకటి తొక్క తీసి. తెల్లారి కళ్ళు మూసుకుని చెయ్యి పెడితే తొక్క తీసిన దుంప చేతికొచ్చింది. తొక్క తీసిన దుంపంటే ఏడాదంతా దరిద్రమని అందరికీ తెలిసిందే. పిన్ని ఈసారి దానికి ఇంకో అర్థం కూడా తీసింది: "బట్టల్లేని దుంప. చూశావా, సాన్ హువానే చెబుతున్నాడు." అందుకని నీకు గాజుగుడ్డ సగమే పంపింది. పసిపిల్లకు సగం చాలట.

వేళాకోళం పక్కన పెడుతున్నాను. గొర్రె సంగతి కాబట్టి గొర్రె గురించే చెబుతాను. జాగ్రత్తగా విను.

ముల్లు గీస్తే చర్మం చీలుతుంది. మోటారు రంపం గొలుసు అలా చీల్చదు, కండను నములుతుంది. నమిలి, గొలుసు నూనెను, రంపపు పొట్టును, ప్యాంటు పోగులను లోపల కూరిపెట్టి పోతుంది. (గొర్రె ప్యాంటు వేసుకోదు. తెలుసు.) పైన కుట్టేస్తే గాయం మూసుకున్నట్టే కనిపిస్తుంది. లోపల కుళ్ళుతుంది. కాబట్టి రోజూ గొర్రె కాలు వాసన చూడు. దెబ్బ తగిలిన చోటి నుంచి ఎర్రటి చార గజ్జల వైపు పాకుతోందేమో చూడు. చలిజ్వరం వస్తోందేమో చూడు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా, ఆ పూటే గొర్రెను కిందికి దించెయ్. లేకపోతే ముందు కాలు పోతుంది, తర్వాత గొర్రె పోతుంది.

సారా పంపుతున్నాను. గాయానికి. గొర్రె నోటికి కాదు.

పసుపు టోపీ కింద ఇంకా మీవాడే అయిన,
ఉలీసెస్


కొండ మీద
27 జూన్

ఒరే ఉలీసెస్,

ముందు మీ పిన్నికి చెప్పు. ఈ కొండ మీద ఉన్న ఆడమనిషి ఒక్కతే, వంటావిడ. ఆవిడకు మా అమ్మ వయసు. రెండోసారి బీన్సు అడిగితే గంటెతో కొడుతుంది. కన్నెమరియ మీద ఒట్టు.

నువ్వు చెప్పినట్టే చూశాను. ఎర్ర చార ఉంది. నిన్న తొడ మధ్యలో ఉంది, ఇవాళ గజ్జల దాకా వచ్చింది. బిళ్ళ కట్టింది. దుప్పట్లు ఎన్ని కప్పినా వణుకుతోంది. వాసన గురించి రాయను. కిందికి దిగమంటే దిగనంటోంది. "నేను దిగితే నా పెళ్ళాం రొట్టెల కొట్టుకెళ్ళినప్పుడు జనం ఏమంటారో తెలుసా?" అంటోంది. కొమ్మలు కొడుతున్నప్పుడు

ఇక్కడ కలం ఆపాను. చాల్లే. గొర్రెలు కొమ్మలు కొట్టవని నీకు మొదట్నుంచీ తెలుసు.

గొర్రె కాదురా, బౌదిలియో. నా కాళ్ళు బాగానే ఉన్నాయని ఒట్టేసి చెప్పాను, అది నిజమే. నువ్వు అడగాల్సిన కాళ్ళ గురించి అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ రోజు ప్యాంటు వంతు నాది. నేను చెట్టు పడగొట్టి పక్క చెట్టు దగ్గరికి పోయాను. వాడు పడ్డ మాను మీద కొమ్మలు కొడుతున్నాడు. కాలు జారుతోందని ఒక చేత్తో పై కొమ్మ పట్టుకుని, ఒంటి చేత్తో రంపం నడిపాడు. రంపం కొస ఆకుల వెనక వేరే కొమ్మకు తగిలింది. రంపం ఎగిరి వెనక్కి తన్నింది. ఎడం తొడ. నా తొడలకు ఎర్ర ప్యాంటు, వాడి తొడలకు సంతలో కొన్న గుడ్డ.

నేను పరిగెత్తి వెళ్ళేసరికి వాడు అరవడం కూడా లేదు. ఎవరైనా చూశారా అని చుట్టూ చూస్తున్నాడు. తర్వాత నన్ను చూసి, "ఒనోఫ్రే, గొర్రె!" అన్నాడు. అంతే.

చేపల గాలం దారంతో మేమే కుట్టాం. అప్పటి నుంచి పని మార్చుకున్నాం. మాను వెంట నడవలేడు కాబట్టి కొమ్మలు నేను కొడుతున్నాను. వాడు నిలబడి చెట్లు కోస్తున్నాడు. ఆ ఎత్తు మోడులు వాడివి. ఇప్పుడు ఎర్ర ప్యాంటు వాడి ఒంటి మీదే ఉంది, చీము కట్టిన కాలికి కాపలాగా.

ఏం చెయ్యాలో చెప్పు. దించమని మాత్రం చెప్పకు.

ఒనోఫ్రే


కురానిలావే
28 జూన్

బాబాయ్,

దించు.

ఈ ఉత్తరంలో నవ్వడానికేం లేదు. చార గజ్జల దాకా వచ్చిందంటే ఆలోచించే గడువు దాటిపోయింది. రేపు తొలి లారీలో ముందు సీట్లో, కాలు పైకి చాపుకుని కూర్చోబెట్టు. దుంగల మీద కాదు. ఆ లారీలో బౌదిలియో మామయ్య లేకపోతే, మిల్లు నర్సును వెంటబెట్టుకుని మిల్లు జీపులోనే నేను పైకి వస్తాను. అప్పుడు నన్ను వేగులవాడను, కంట్రాక్టరు కుక్కననుకో, నీ ఇష్టం. ముఠా మొత్తం నా మొహం మీద ఉమ్మేసినా తుడుచుకుని మనిషిని తీసుకొస్తాను.

బౌదిలియో మామయ్యకు విడిగా ఒక మాట, చదివి వినిపించు: మామయ్యా, గొర్రెకు నాలుగు కాళ్ళు. మీకు రెండే.

నీ ఉత్తరం పిన్నికి పూర్తిగా చదివాను. శ్రద్ధగా విని, కళ్ళు తుడుచుకుని, "పాపం బౌదిలియో, ఎంత మంచివాడు! మీ బాబాయ్ పాపాన్ని తన తొడ మీద వేసుకున్నాడు" అంది.

ఉలీసెస్


కొండ మీద
29 జూన్

ఒరే,

బౌదిలియోను ఎక్కించాను. ఈ చీటీ చప్పిడిముక్కు జేబులో ఉంది. ఎక్కనని నా చెయ్యి కొరికాడు, ఆ పంటి గాట్లు నాకు మిగిలాయి. నేను వద్దామంటే మేస్త్రీ ఎలియాసర్ ఒప్పుకోలేదు. ఈ వాలున రంపం పట్టేవాళ్ళిద్దరూ పోతే పని ఆగిపోతుందన్నాడు.

అసలు సంగతి వేరే ఉంది. మేస్త్రీ కోప్పడలేదు. అదే నాకు నచ్చలేదు. పుట్టి బుద్ధెరిగాక నాకు సిగరెట్టు ఇవ్వనివాడు ఇవాళ ఇచ్చాడు, అగ్గిపుల్ల కూడా వాడే గీశాడు. లారీ కిటికీలోంచి తల లోపల పెట్టి బౌదిలియోతో, "ఇదిగో చూడు, ఆదివారం ఇంటికెళ్ళావు, పొయ్యిలోకి కట్టెలు కొట్టుకుంటుంటే తగిలింది. ఆసుపత్రిలో అలా చెప్పు. అప్పుడు కొండ మీద నుంచి ఎవరూ దిగనట్టే. గొర్రె ఇక్కడే ఉంటుంది, నీ పేరూ నిలబడుతుంది" అన్నాడు. ఎంత తియ్యగా చెప్పాడంటే వంటావిడ కూడా తలూపింది. బౌదిలియో కూడా తలూపాడు.

నువ్వు చదివావు కదా. ఇంట్లో తగిలిందంటే రేపు ఆ కాలు ఏమైనా కంట్రాక్టరుకు సంబంధం లేనట్టేనా? నాకు అలాగే తోస్తోంది. ఊరికే అగ్గిపుల్ల ఎవడూ గీయడు.

ఇన్నాళ్ళూ నిన్ను అనుమానించాను. ఇక నా వంతు అనుమానం కూడా నువ్వే పడు.

ఒనోఫ్రే


కురానిలావే, ఆసుపత్రి వరండా
2 జూలై

బాబాయ్,

నువ్వు అనుమానించింది అక్షరాలా నిజం. పనిలో తగిలిన దెబ్బయితే మందులు, మానేదాకా కూలి, కాలు పనికిరాకుండా పోతే బతికినంతకాలం భృతి వస్తాయి. ఇంట్లో తగిలిందంటే అవేవీ రావు. ఆ కట్టెల కథ విలువ అంత.

ఇక్కడ జరిగింది చెబుతాను. లారీ దిగేసరికి మామయ్యకు ఒళ్ళు పేలిపోతోంది. ఆయన భార్య రోసాల్బా అత్త పరిగెత్తుకొచ్చింది. ఎల్సీరా పిన్ని ఆవిడకంటే ముందే వచ్చి నిలబడింది. పరామర్శకు కాదు. దుప్పటి ఎత్తి, ఆ తొడ నీది కాదని కళ్ళారా చూసుకుని, శిలువ గుర్తు వేసుకుంది.

నర్సు అడిగింది: "ఎలా తగిలింది?"

మామయ్య గోడకేసి చూస్తూ అన్నాడు: "ఇంటి దగ్గర. ఆదివారం. కట్టెలు కొడుతుంటే."

నేను నోరు తెరిచాను. "మీరు ఎవరు?" అంది నర్సు. నేను ప్రమాద నివారణ శాస్త్ర విద్యార్థినని గంభీరంగా చెప్పాను. "బయట నిలబడండి" అంది. మూడేళ్ళ చదువు గుమ్మం దగ్గర ఆగిపోయింది.

అప్పుడు పిన్ని అందుకుంది. "ఏ ఆదివారం?"

"ఊరుకో ఎల్సీరా" అన్నాడు మామయ్య.

"ఎందుకు ఊరుకోవాలి? చలికాలం మొదలయ్యాక నా మొగుడు ఇంటి గుమ్మం తొక్కలేదు. నువ్వు ఆయన్ను వదిలి ఎక్కడికీ పోవు. మీరిద్దరూ రాని ఆదివారాలన్నీ నాకు గుర్తే, ప్రతి ఆదివారం కిటికీ దగ్గర తిట్టుకుంటూ కూర్చున్నదాన్ని. ఏమే రోసాల్బా, వచ్చాడా మీ ఆయన?"

రోసాల్బా అత్త రాలేదని తల అడ్డంగా ఊపింది. తర్వాత మెల్లగా, "మన ఇంట్లో కట్టెలు కొట్టేది నేను" అంది.

మామయ్య గోడ వైపు నుంచి ఆవిడ వైపు తిరిగాడు. "రొట్టెల కొట్టు దగ్గర నిన్ను అంటారే" అన్నాడు.

"అననీ. వాళ్ళ రొట్టె వాళ్ళు కొనుక్కుంటారు, నా రొట్టె నేను కొనుక్కుంటాను. నువ్వు నడిచి ఇంటికి రా."

అప్పుడు చెప్పాడు బాబాయ్. కొండ, వాన, ఒంటి చెయ్యి, రంపం కొస, ఇద్దరికి ఒకటే ప్యాంటు, కిటికీలో మేస్త్రీ తల. నర్సు అన్నీ రాసుకుంది. డాక్టరు కుట్లు విప్పి లోపల నుంచి పొట్టు తీశాడు, నీలం గుడ్డ పోగులు తీశాడు. కండ కొంత కోసి పారేశాడు. కాలు ఉంటుందన్నాడు. ఈడ్చుకుంటూ నడుస్తాడన్నాడు. ఒక్కరోజు ఆలస్యమైతే ఇలా కూడా చెప్పేవాణ్ణి కాదన్నాడు.

నీకు ఒకటి చెప్పాలి. కొమ్మలు కొట్టేటప్పుడే ఎక్కువమందికి కాళ్ళు తెగుతాయి. ఎడం తొడే. అది పుస్తకంలో ఉంది. నీ మొదటి ఉత్తరంలో వంతుల సంగతి చదివినప్పుడు నేను మోడుల ఎత్తు గురించే ఆలోచిస్తూ దాన్ని దాటేశాను. నా అనుమానమంతా నీ మోకాళ్ళ మీదే ఉంది. ఇక మీదట వంతులు లేవు. రెండో ప్యాంటు వచ్చేదాకా రంపం ముట్టుకోకు.

పిన్ని గాజుగుడ్డ మిగతా సగం పంపుతోంది. ఎందుకో అడిగితే, పంపమంది, అంతే.

ఉలీసెస్


కొండ మీద
9 జూలై

ఒరే ఉలీసెస్,

కంట్రాక్టరు మనుషులు వచ్చి గొర్రెను తోలుకుపోయారు. పోతూ పోతూ అది నా బూటు నాకింది. ముఠాలో ఎవరూ నాతో మాట్లాడలేదు. బౌదిలియో మింగాడని ఎవరూ అనలేదు, నేనే మింగించానన్నట్టు చూశారు. భోజనం దగ్గర నా బల్ల మీద నేనొక్కణ్ణే. వంటావిడ మాత్రం అడక్కుండానే రెండోసారి బీన్సు పెట్టింది. గంటె దెబ్బ లేకుండా. అది ఇంకా భయంగా ఉంది.

నువ్వు చెప్పావని రంపం ముట్టుకోలేదు. మేస్త్రీ అరిచాడు. నేను మొద్దు మీద కూర్చుని మాతే ఆకుల టీ తాగాను. రెండో రోజు కూడా అరిచాడు. రెండో రోజు కూడా తాగాను. మూడో రోజు చప్పిడిముక్కు ఇంకో ఎర్ర ప్యాంటు పట్టుకొచ్చాడు. ఇన్నాళ్ళూ అది కంట్రాక్టరు కొట్లోనే ఉందట, మడత కూడా విప్పలేదు.

ఆ సాయంత్రం దుంగలకు ఇనుప తాడు తగిలించే కుర్రాడు, అదే, నోట్లో నాలుక లేదనుకునేవాళ్ళం, వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చేతి తొడుగు తీశాడు. తాడు కింద నలిగి మూడు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. "నీ అన్న కొడుకు వేళ్ళ గురించి కూడా చదివాడా?" అన్నాడు. ఆ వెనకే ట్రాక్టరు నడిపేవాడు చొక్కా ఎత్తాడు. పక్కటెముకల మీద చర్మం పచ్చగా, ఊదాగా ఉంది. శ్వాస తీస్తే పొడుస్తోందట. అవతలి వాలున రంపం పట్టే ముసలాడు బూటు విప్పాడు. ఆ కాలు చూసి నేను మాతే కింద పెట్టేశాను.

ముగ్గురూ ఆసుపత్రికి దిగుతామన్నారు. మేస్త్రీకి అర్థం కాలేదు. "గొర్రె పోయింది కదా. ఇంకా ఎందుకు దిగుతామంటారు?" అన్నాడు.

"పోయింది కాబట్టే" అన్నాడు ముసలాడు.

మిల్లులో ఎవరికీ చెప్పొద్దని ఇదివరకు నేనే అన్నాను. ఇప్పుడు చెప్పి, పైకి రా. ఆ నర్సును కూడా తీసుకురా, నిన్ను బయట నిలబెట్టిన ఆవిణ్ణే. ఇక్కడ కూడా నిలబెడుతుంది, నిలబడు.

రేపటి లారీలో ముగ్గురు దిగుతున్నారు. ముందు సీట్లో ముగ్గురికీ చోటు లేదని చప్పిడిముక్కు గొణుగుతున్నాడు. వెనక దుంగలు తగ్గించి చోటు చెయ్యమన్నాను.

మీ బాబాయ్,
ఒనోఫ్రే